డాలర్లు వదిలి ఓడెక్కిన వాళ్ళు

మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాడు, వాడికది శనివారం రాత్రి. జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ అని అక్కడి మనవాళ్ళు ఏదో సభ పెట్టుకున్నారట. అందులో ఎవరో గదర్ పార్టీ గురించి మాట్లాడారట. వందేళ్ళ కిందట అమెరికాలోని మన కూలీలు, బ్రిటిష్ పాలన మీద తిరగబడటానికి పెట్టుకున్న సంఘం అది. వాడు ఇంటికొచ్చి కొంత చదువుకుని, నాకు ఫోన్ చేసి సూటిగా అడిగాడు. "పెదనాన్నా, వీళ్ళు జర్మనీ డబ్బు తీసుకున్నారట కదా. ఒక రాజును దించడానికి ఇంకో రాజు దగ్గర చెయ్యి చాస్తే అది స్వాతంత్ర్య పోరాటం ఎట్లా అవుద్ది? పైగా ఒక్క రోజు కూడా నిలబడలేదు, మొదలవకముందే దొరికిపోయారు. దీన్ని అంత గొప్పగా చెప్పుకోవాలా?"

ఆ పూట సరిగా జవాబు చెప్పలేకపోయాను. కోపమొచ్చింది, గొంతు పెరిగింది, అవతల వాడు "సరేలే పెదనాన్నా" అని మాట మార్చాడు. ఆ "సరేలే" నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. వాడడిగింది తప్పు ప్రశ్న కాదు. చదువుకున్న వాళ్ళు చాలామంది మనసులో అనుకునేదే వాడు పైకి అన్నాడు. కాబట్టి అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. తెలుగువాళ్ళలో గదర్ అనగానే పాట గుర్తొస్తుంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఊరూరా పాడిన గద్దర్ గుర్తొస్తారు. ఆయన ఆ పేరు పెట్టుకున్నది ఈ పార్టీని తలుచుకునే. గదర్ అంటే తిరుగుబాటు. 1857ను ఇంగ్లీషువాళ్ళు గదర్ అని తిట్టుగా వాడితే, వీళ్ళు ఆ తిట్టునే తమ పత్రికకు పేరుగా పెట్టుకున్నారు. పేరు మన నోళ్ళలో యాభై ఏళ్ళుగా నానుతూనే ఉంది, దాని వెనక మనుషులు మాత్రం మనకు తెలియదు.

నాకూ తెలియదు. మాది కనిగిరి దగ్గర పల్లె. వాన కోసం ఆకాశం చూసే మెట్ట ప్రాంతం. మా హైస్కూలు పాఠంలో గదర్ పార్టీకి రెండు వాక్యాలు దక్కాయి, పరీక్షలో ఒక మార్కు బిట్ వచ్చేది: స్థాపించిన నగరం, శాన్ ఫ్రాన్సిస్కో. ఆ పార్టీలో పనిచేసిన తెలుగువాడొకరు మా కనిగిరిలోనే పుట్టాడని మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. దరిశి చెంచయ్య గారు. 1912లో అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్‌లో చేరి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళకు చిక్కి ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారు. బయటికొచ్చాక సంఘసంస్కరణలో పడ్డారు. "నేనూ నా దేశం" అని తన కథ తానే రాసుకున్నారు. ఆ పుస్తకం నా చేతికొచ్చేసరికి నాకు ముప్పై నాలుగేళ్ళు. బస్సులో కూర్చుని చదువుతూ, మా ఊరి పక్క మనిషి ఇంత దూరం వెళ్ళాడా అని నాకు కళ్ళు చెమర్చాయి. సంతోషం ఎంతో సిగ్గు కూడా అంతే.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికొస్తాను. అమెరికా అంటే మా తమ్ముడి కొడుక్కి హెచ్1బీ, ఇంటి లోను, గ్రీన్‌కార్డు టెన్షన్. వందేళ్ళ కిందట ఆ పడమటి తీరంలో ఉన్న మనవాళ్ళు ఎక్కువమంది పంజాబు రైతుబిడ్డలు. చాలామంది బ్రిటిష్ సైన్యంలో కొలువు చేసి వచ్చినవాళ్ళు. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో కలప మిల్లుల్లో దుంగలు మోసేవారు. కాలిఫోర్నియా తోటల్లో పళ్ళు కోసేవారు. రోజుకు రెండు డాలర్ల కూలీ. ఊళ్ళో తాకట్టులో ఉన్న భూమి విడిపించుకోవాలనేది ఆశ.

అక్కడ వాళ్ళకు దొరికింది ఏమిటి? 1907 సెప్టెంబర్‌లో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో సుమారు 500 మంది తెల్ల కార్మికుల గుంపు మనవాళ్ళ మకాముల మీద పడి, కొట్టి, సామాన్లు వీధిలో పారేసి, రెండు రోజుల్లో ఊరి నుంచి తరిమేసింది. మరుసటి ఏడు కెనడా ఒక నిబంధన పెట్టింది. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వస్తేనే రానిస్తారట. భారతదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడే లేదు. "మీరు రావద్దు" అనే మాటను చట్టం భాషలో అలా రాశారు.

ఇక్కడ వాళ్ళు గమనించిన విషయం ఒకటుంది. గదర్ మొత్తానికీ అదే వేరు అని నా నమ్మకం. అదే ఊళ్ళో జపాన్ కూలీ మీద దెబ్బ పడితే జపాన్ ప్రభుత్వం గట్టిగా అడిగేది. మనవాడి మీద పడితే అడిగే దిక్కు లేదు. తలపాగా చుట్టి, బ్రిటిష్ రాజు పతకాలు గుండెకు తగిలించుకున్న మాజీ సిపాయి వెళ్ళి బ్రిటిష్ కాన్సులేట్ తలుపు కొడితే, లోపల ఉన్నది వాణ్ణి కనిపెట్టుకుని ఉండే నిఘా. ఇక్కడ పడే అవమానానికి మూలం అక్కడి బానిసత్వంలో ఉందని వాళ్ళకు ఏ పుస్తకమూ నేర్పలేదు. కలప మిల్లులో అర్థమైంది.

1913లో ఆస్టోరియా, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల మిల్లు కూలీలు కూడి సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, మిల్లు కూలీ. కార్యదర్శి లాలా హర్‌దయాళ్, ఆక్స్‌ఫర్డ్ స్కాలర్‌షిప్‌ను కాదని వదిలేసి వచ్చిన పండితుడు. కోశాధికారి కాన్షీరామ్. మతం గొడవలు సంఘంలోకి తేకూడదు, అది ఎవరింట్లో వాళ్ళది అని నియమం. సిక్కులు, హిందువులు, ముస్లిములు ఒకే వంటింట్లో తినేవారు. 1913లో! మన ఊళ్ళలో ఇప్పటికీ ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని బంతులు వేస్తారో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ వంటిల్లు నాకు చాలా పెద్ద విషయం.

1913 నవంబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కోలో పత్రిక మొదటి సంచిక ఉర్దూలో వచ్చింది. తర్వాత పంజాబీ లిపి గురుముఖిలో. పేరు కిందే "అంగ్రేజీ రాజ్ కా దుష్మన్" అని అచ్చు. "అంగ్రేజీ రాజ్ కా కచ్చా చిట్ఠా" అని ఒక శీర్షిక నడిపేవారు. చిట్టా మనకూ తెలిసిన మాటే, కొట్టు లెక్క. ఇంగ్లీషు దొర మన దేశం నుంచి ఏడాదికి ఎంత పట్టుకుపోతున్నాడు, సైన్యానికి ఎంత, చదువుకు ఎంత, కరువుల్లో చచ్చినవాళ్ళు ఎందరు, అన్నీ వరసగా వేసి, చివర్న 1857 జరిగి 56 ఏళ్ళయింది, ఇంకోటి రావాలి అని ముగించేవారు. పద్దు రాసే మనిషికి కూడా అర్థమయ్యే భాష. ఇంకో సంచికలో ఉద్యోగ ప్రకటన: తిరుగుబాటుకు ధైర్యవంతులైన సిపాయిలు కావలెను, జీతం మరణం, బహుమానం అమరత్వం, పింఛను స్వేచ్ఛ, పని స్థలం హిందూస్థాన్. పింఛను మీద బతికే మాజీ సిపాయిల మధ్య ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి.

1914 మే నెలలో కొమగాట మారు అనే ఓడ 376 మంది మనవాళ్ళతో కెనడాలోని వాంకూవర్ చేరింది. రెండు నెలలు రేవులోనే నిలబెట్టి, ఓ ఇరవై మందిని తప్ప ఎవర్నీ దిగనివ్వకుండా వెనక్కి పంపారు. ఆ ఓడ సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరేసరికి పోలీసులు కాల్పులు జరిపారు. ఇరవై మంది దాకా చనిపోయారు. తన దేశంలో కాలు పెట్టినందుకు మనిషి చచ్చిపోయాడు.

ఈ లోపు ఇంగ్లండు, జర్మనీ తలపడిన ఆ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆగస్టులో గదర్ పత్రిక యుద్ధ ప్రకటన అచ్చు వేసింది: ఇంటికి పదండి, ఇదే సమయం. ఇక్కడ నేను ఆగాలి. ఎందుకంటే మా తమ్ముడి కొడుకు ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

వాళ్ళు వెళ్ళారు. మిల్లు పని వదిలేశారు. దాచుకున్న డాలర్లు టిక్కెట్టుకు పెట్టారు. ఆగస్టు ఆఖరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కొరియా అనే ఓడ ఎక్కిన జట్టు నుంచి మొదలుపెట్టి, షాంఘై, హాంకాంగ్, మనీలా, పనామా, ఎక్కడెక్కడి పంజాబీలో ఓడలెక్కారు. అప్పటికింకా ఏ బెర్లిన్ ఖజానా వాళ్ళ టిక్కెట్లు కొనలేదు. ఓడలో బహిరంగంగా పాటలు పాడుకుంటూ, దారిలో ప్రతి రేవులో సిపాయిలను కలిసి పత్రికలు పంచుకుంటూ వచ్చారు. అంత బాహాటంగానా అని ఇప్పుడు చదివితే మనకు గుండె దడ. నిజమే, రహస్యం దాచుకోవడం వాళ్ళకు రాలేదు. ప్రభుత్వం వాళ్ళకంటే ముందే సిద్ధంగా ఉంది. వచ్చేవాళ్ళను రేవులోనే పట్టుకోవడానికి ఆర్డినెన్సు తెచ్చింది. అక్టోబర్‌లో కలకత్తాలో దిగగానే భక్నాను పట్టుకున్నారు. నెలాఖరుకు తోసా మారు ఓడలో వచ్చిన 173 మందిలో దాదాపు అందర్నీ ఓడ దిగగానే పట్టుకుని పంజాబు తీసుకుపోయారు. మొదటి రెండేళ్ళలో సుమారు 8,000 మంది తిరిగొచ్చారని, వాళ్ళలో 400 మందిని జైల్లో, 2,500 మందిని వాళ్ళ ఊళ్ళలోనే కట్టడిలో ఉంచామని పంజాబు ప్రభుత్వమే లెక్క చెప్పుకుంది.

ప్రవాసీ భారతీయ దివస్ జనవరి 9న జరుపుకుంటాం. 1915లో ఆ రోజున గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చి బొంబాయి రేవులో దిగారు. ఆ తేదీ పెట్టుకోవడం న్యాయమే, నాకేం పేచీ లేదు. కానీ అదే చలికాలంలో, ఇంకో రేవులో, వేలమంది ప్రవాసులు అదే పని చేశారు. సంపాదన వదిలి, దేశం కోసం తిరిగొచ్చారు. వాళ్ళకు దండలు పడలేదు, బేడీలు పడ్డాయి. వాళ్ళకంటూ ఒక తేదీ లేదు. నా కోపమంతా ఇదే.

అప్పుడు దేశంలో పెద్దలు ఏం చేస్తున్నారు? 1914 డిసెంబర్‌లో కాంగ్రెస్ సభ మన మద్రాసులోనే జరిగింది. అప్పుడు కోస్తా తెలుగువాళ్ళ రాజధాని మద్రాసే కదా. మూడు నెలల కిందటే, సెప్టెంబర్ 22 రాత్రి, ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఆ రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. భయపడి జనం పల్లెలకు పరుగెత్తారు. ఆ ఊళ్ళో జరిగిన కాంగ్రెస్ సభకు గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ స్వయంగా వచ్చారు. చక్రవర్తి పట్ల విధేయత తీర్మానం జరిగింది. జైలు నుంచి వచ్చిన తిలక్ కూడా యుద్ధంలో ప్రభుత్వానికి అండగా ఉంటామన్నారు. గాంధీగారు లండన్‌లో అంబులెన్సు దళం కట్టారు, 1918లో ఖేడాలో ఊరూరా తిరిగి సైన్యంలోకి మనుషులను చేర్పించే ప్రయత్నమూ చేశారు. వాళ్ళను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. యుద్ధం తర్వాత ఇంగ్లీషువాడు కృతజ్ఞతతో ఏదో ఇస్తాడని నమ్మారు. ఆ నమ్మకానికి 1919లో జలియన్‌వాలాబాగ్ బదులిచ్చింది. సంపూర్ణ స్వాతంత్ర్యమే మా లక్ష్యమని కాంగ్రెస్ తీర్మానించింది 1929 డిసెంబర్‌లో, లాహోర్‌లో. మిల్లు కూలీలు ఆ మాట అచ్చు వేసి అప్పటికి 16 ఏళ్ళు.

సరే, జర్మనీ డబ్బు.

తీసుకున్నారు. దాచాల్సింది లేదు. బెర్లిన్‌లో 1914లోనే భారతీయుల కమిటీ ఏర్పడింది, జర్మన్ విదేశాంగ శాఖ డబ్బిచ్చింది. ఆ కమిటీకి ప్రాణం పోసినవాడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ్ కొడుకు, సరోజినీ నాయుడు తమ్ముడు. నాంపల్లిలో వాళ్ళ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1915లో అక్క హైదరాబాదు మహిళల యుద్ధసహాయ సంఘం కోసం, పరాయి నేలల మీద చనిపోయిన మన సిపాయిల గురించి కవిత రాసింది. తమ్ముడు అదే ఏడు బెర్లిన్‌లో, ఆ సిపాయిల తుపాకీ ఎటు తిరగాలో ఆలోచిస్తున్నాడు. ఆ ఇంటి ముందు నుంచి నడిచినప్పుడల్లా ఆ అక్కాతమ్ముళ్ళే గుర్తొస్తారు నాకు. ఇద్దరి దుఃఖమూ ఒక్కటే. వీరేంద్రనాథ్ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. 1937లో స్టాలిన్ కాలపు సోవియట్ దేశంలో కాల్చి చంపేశారు.

ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఇది. ఆ యుద్ధంలో ఇంగ్లండ్ మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటించింది. 74,000 మంది దాకా తిరిగి రాలేదు. ఫ్రాన్సు బురదలో, మెసపొటేమియా ఎండలో పోయారు. ఎవరి గొడవ కోసం? మనల్ని అడిగి యుద్ధం ప్రకటించారా? ఒక రాజు ఇంకో రాజు మీదికి మన పిల్లలను తోలితే దానికి ఎవరూ సంజాయిషీ అడగరు. ఆ రాజు అవతలి యుద్ధంలో ఇరుక్కున్నప్పుడు మనవాళ్ళు తమ మెడ మీది కాడి దింపుకోవాలని చూస్తే మాత్రం, డబ్బు ఎక్కడిదని నిలదీస్తాం. అప్పుడు దేశంలో బ్రిటిష్ సైనికుల సంఖ్య 15,000 దాకా పడిపోయిందని ఆనాటి వైస్రాయ్ హార్డింజ్ తర్వాత తానే రాసుకున్నాడు. ఎదిరించేవాడికి అంతకంటే మంచి అదను ఎప్పుడు దొరుకుతుంది? ఇంగ్లండుతో పోరాడిన అమెరికా ఫ్రాన్సు రాజు సాయం తీసుకుంది. ఆ సాయం వల్ల అమెరికా స్వాతంత్ర్యం ఫ్రాన్సుదై పోలేదు. మా వాడు ఉండే దేశం కథే అది.

అయితే ఆ డబ్బు వాళ్ళకు మేలు చేసిందా అంటే, చేయలేదు. ఇది వాడికి ఒప్పుకుంటాను. కూలీల చందాలతో నడిచినన్నాళ్ళూ పార్టీ శుభ్రంగా ఉంది. పెద్ద సొమ్ము, దూరాన కూర్చుని నడిపే పెద్దమనుషులు రాగానే పనులు చెడ్డాయి. ఆయుధాలు నింపిన ఆనీ లార్సెన్ అనే ఓడ 1915 మార్చిలో కాలిఫోర్నియా తీరం వదిలింది. సముద్రంలో మావరిక్ అనే ఇంకో ఓడను కలిసి సరుకు మార్చాలి. రెండూ కలుసుకోనే లేదు. ఆనీ లార్సెన్ చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలో అధికారులకు చిక్కింది. ఆ ఆయుధాల కోసం ఒరిస్సా తీరంలో ఎదురుచూసిన బెంగాల్ విప్లవకారుడు బాఘా జతిన్, బాలాసోర్ దగ్గర సెప్టెంబర్‌లో నలుగురు సహచరులతో పోలీసులను ఎదిరించి ప్రాణాలు వదిలాడు. ఎవరో లెక్కలు తప్పారు, ఇంకెవరో చచ్చిపోయారు. శాన్ ఫ్రాన్సిస్కోలో సొమ్ము ఎవరు తిన్నారని తగవులు పుట్టి పార్టీ చీలింది. 1918 ఏప్రిల్‌లో, అమెరికా ప్రభుత్వం పెట్టిన కుట్ర కేసు తీర్పు దగ్గరపడిన సమయంలో, కోర్టు హాల్లోనే రామ్‌సింగ్ అనే ముద్దాయి తన పార్టీ నాయకుడు రామచంద్రను కాల్చి చంపాడు. మరుక్షణం కోర్టు అధికారి తూటాకు తానూ పడిపోయాడు. నాలుగున్నరేళ్ళ కిందట ఒకే కుండలో వండుకు తిన్న మనుషులు.

ఇక "ఒక్క రోజు నిలబడలేదు" అన్న మాట. పంజాబులో ఏం జరిగిందో చెప్పాలి. మిగిలినవాళ్ళు ఊళ్ళకు చేరి చూస్తే, ఊరు వాళ్ళ కోసం కాచుకుని లేదు. పంజాబు బ్రిటిష్ సైన్యానికి కామధేనువు, ప్రతి ఇంటికీ ఒక పింఛనో, ఒక కొత్త కాలువ భూమో ఉంది. సిక్కు పెద్దల సంస్థ చీఫ్ ఖల్సా దీవాన్ వీళ్ళతో మాకు సంబంధం లేదంది. చేతిలో డబ్బు లేదు, తుపాకీ లేదు. సాహ్నేవాల్, చబ్బా గ్రామాల్లో వడ్డీ వ్యాపారుల ఇళ్ళ మీద దోపిడీలు చేశారు, మనుషులు పోయారు. దీన్ని నేను సమర్థించను. ఆ దోపిడీల తర్వాత ఊళ్ళు వాళ్ళ మీద ఇంకా అనుమానం పెంచుకున్నాయి.

1915 జనవరిలో బెంగాల్ విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్ వచ్చి పగ్గాలు పట్టాడు. పూణె వైపు నుంచి విష్ణు గణేశ్ పింగళే, లూధియానా జిల్లా సరాభా ఊరి నుంచి కర్తార్ సింగ్. ఇద్దరూ అమెరికా నుంచి వచ్చినవాళ్ళే. కర్తార్‌కు అప్పటికి 18 ఏళ్ళు. సైకిల్ మీద కంటోన్మెంట్ నుంచి కంటోన్మెంట్‌కు తిరిగాడు. లాహోర్, ఫిరోజ్‌పూర్, మీరట్, ఎక్కడికక్కడ సిపాయిలతో మాట్లాడి ఒప్పించారు. ఫిబ్రవరి 21న అన్నిచోట్లా ఒకేసారి లేవాలి. కానీ లోపలికి కిర్పాల్ సింగ్ అనే పోలీసు మనిషి అప్పటికే వచ్చి చేరాడు. అనుమానం వచ్చి తేదీని 19కి జరిపారు. అదీ తెలిసిపోయింది. ఇంటిగుట్టు లంకకు చేటు. 19 సాయంత్రం కర్తార్ కొంతమందిని వెంటేసుకుని, భజన బృందంలా పాడుకుంటూ ఫిరోజ్‌పూర్ వెళ్ళాడు. అక్కడ సిపాయిల చేతుల్లో ఆయుధాలు అప్పటికే లేవు. చీకట్లో అందరూ వెనక్కి తిరిగారు.

ఆ తర్వాత జరిగిందే నన్ను పట్టి ఆపుతుంది. కర్తార్, అతని ఇద్దరు స్నేహితులు వాయవ్య సరిహద్దు దాకా వెళ్ళారు. అటు దాటితే ఆఫ్ఘనిస్తాన్, ప్రాణం దక్కేది. అక్కడి నుంచి వెనక్కి వచ్చారు. సింహాల్లా వచ్చి పారిపోవడమేమిటి అనే అర్థమున్న పాట పాడుకుంటూ తిరిగొచ్చారని పంజాబులో చెప్పుకుంటారు. సర్గోధా దగ్గర సైన్యపు గుర్రాల ఫారంలో, మళ్ళీ సిపాయిలను కదిలించబోతూ మార్చి 2న పట్టుబడ్డారు. పింగళేను అదే నెలలో మీరట్‌లో అశ్విక దళం లైన్లలో బాంబులతో పట్టుకున్నారు. లాహోర్ కుట్ర కేసులో 24 మందికి ఉరి. వైస్రాయ్ 17 మందికి యావజ్జీవంగా మార్చాడు. మిగిలిన ఏడుగురిని 1915 నవంబర్ 16న ఉరితీశారు. ఆ ఏడుగురిలో కర్తార్ సింగ్ సరాభా ఒకడు, వయసు 19. మా వాడు ఆ వయసులో ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్ అన్నం బాగాలేదని ఫోన్ చేసేవాడు. తప్పేం లేదు, ఆ వయసు అదే.

అమెరికా నుంచి ఒకసారి బయల్దేరి వచ్చాడు. సరిహద్దు నుంచి మళ్ళీ వచ్చాడు. విఫలమైందని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఆ రెండో రాకకు ఏ లెక్క కడతారు? భగత్ సింగ్ జేబులో పెట్టుకు తిరిగిన ఫోటో ఆ కుర్రాడిది. ప్రభుత్వం కూడా దాన్ని ఓటమిగా చూడలేదు, వణికిపోయింది. విచారణకు ప్రత్యేక కోర్టులు, అప్పీలు లేని తీర్పులతో మార్చిలోనే డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం తెచ్చింది. యుద్ధం అయిపోయాక కూడా ఆ అధికారాలు వదులుకోలేక రౌలట్ చట్టం చేసింది. దాని మీద దేశమంతా లేచింది, అప్పుడు గాంధీగారు దేశానికి నాయకుడయ్యారు. ఆ వరసలో మొదటి రాయి ఎవరు వేశారో చూడండి.

సింగపూర్ దగ్గరికొస్తే నా గొంతు తగ్గుతుంది. అదే 1915లో ఫిబ్రవరి 15న, చైనా వాళ్ళ కొత్త సంవత్సరం సెలవు రోజున, అక్కడున్న మన సిపాయిల పటాలం ఐదో లైట్ ఇన్‌ఫెంట్రీలో సగం మంది తిరగబడ్డారు. వాళ్ళను ముస్లిం సుల్తాను మీద, టర్కీ మీద యుద్ధానికి పంపుతున్నారని పుకారు. నిజానికి ఓడ హాంకాంగ్‌కు. గదర్ కాగితాలు ఆ బ్యారకుల దాకా చేరాయి, మతభావమూ ఉంది, అధికారుల మీద కసీ ఉంది. వీటిలో ఏది ఎంత అని త్రాసులో తూచలేం. కొన్ని రోజులు ఊరు అట్టుడికింది. జపాన్, ఫ్రాన్సు, రష్యా ఓడల మనుషులను దింపి అణచారు. కానీ ఆ సిపాయిలు అధికారులతో పాటు దారిన పోయే మామూలు పౌరులనూ చంపారు. వాళ్ళలో ఏ పాపం ఎరగని వాళ్ళున్నారు. దాన్ని వీరగాథలో కలిపి పాడటం నా వల్ల కాదు. తర్వాత 47 మంది సిపాయిలను ఔట్రమ్ రోడ్ జైలు గోడ ముందు వేలమంది చూస్తుండగా నిలబెట్టి కాల్చారు. ఆ వరస ముందు నిలబడి జాలి పడకుండానూ ఉండలేను. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, కలవవు.

ఆ జైలు ఉన్న ఊళ్ళోనే, 28 ఏళ్ళ తర్వాత, 1943 జూలై 4న, జపాన్‌లో తలదాచుకుని ముసలివాడైన రాస్‌బిహారీ బోస్ ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ బాధ్యతను సుభాష్ చంద్రబోస్‌కు అప్పగించాడు. 1915లో కంటోన్మెంట్ల మీద ఆశ పెట్టుకున్న మనిషి అతనే. ఈసారి సిపాయిలు వేలల్లో వచ్చారు. జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీతో కలిసి వచ్చిన ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడు, జైహింద్ మాట అతను ఇచ్చిందే. ఆజాద్ హింద్ ఫౌజ్ గురించి మనకు ఇళ్ళలో క్యాలెండర్లున్నాయి, బొమ్మలున్నాయి. అక్కడా ఇదే ప్రశ్న వస్తుంది, జపాన్ సాయం సంగతేమిటని. నేతాజీకి ఆ ప్రశ్నను మనం ఎప్పుడో మన్నించాం. కలప మిల్లు కూలీలకు మాత్రం ఇంకా మన్నించలేదు. వాళ్ళ పక్కన యూనిఫాం లేదు, ఉపన్యాసం రికార్డు లేదు, ఇంగ్లీషులో రాసిపెట్టే అలవాటు లేదు. పేదవాడు చేసిన పని చరిత్రలో కూడా కూలిపని లాగే మిగులుతుందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

సోహన్ సింగ్ భక్నా అండమాన్ చూసి, 1930లో గానీ బయటపడలేదు. బయటికొచ్చి ఊరుకోలేదు, రైతు ఉద్యమాల్లో తిరిగి మళ్ళీ జైలుకెళ్ళాడు. 1968 దాకా, 98 ఏళ్ళు బతికాడు. అంటే స్వతంత్ర దేశంలో 21 ఏళ్ళు మన మధ్యే ఉన్నాడు. నేను పుట్టేసరికి ఆయన బతికే ఉన్నాడు.

పోయిన వారం మా వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళాడట. వుడ్ స్ట్రీట్, ఐదో నంబరు. గదర్ స్మారక భవనం అక్కడే ఉంది, మన ప్రభుత్వం చేతుల్లో. వీధి చిన్నది, పార్కింగ్ దొరక్క రెండుసార్లు చుట్టూ తిరిగాడట. వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. బయట మెట్ల దగ్గర నిలబడి ఫోటో తీసి నాకు పంపాడు.

"డబ్బు సంగతి నువ్వు చెప్పింది కొంత ఒప్పుకుంటా పెదనాన్నా. సింగపూర్ మాత్రం ఒప్పుకోను," అన్నాడు.

"సింగపూర్ నేనూ ఒప్పుకోలేదుగా," అన్నాను.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ చెంచయ్య గారి ఇల్లు కనిగిరిలో ఏ వైపు?" అని అడిగాడు. నాకు తెలియదు. మా తమ్ముణ్ణి తీసుకుని సంక్రాంతికి వెళ్ళి కనుక్కుంటానని చెప్పాను.